మా ఇంటికి బందెలదొడ్డి తాళం

మా తాత లింగమూర్తి గోపన్‌పల్లి బందెలదొడ్డికి కాపలాదారు. ఊళ్లో ఎవరి పశువైనా ఇంకొకరి చేనులో పడి మేస్తే, చేను గలవాడు దాన్ని తోలుకొచ్చి ఆ దొడ్డిలో పెట్టించేవాడు. పశువు గలవాడు వచ్చి జుర్మానా కట్టి విడిపించుకుపోవాలి. అప్పటిదాకా దానికి మేత వేయడం, నీళ్లు పెట్టడం, జబ్బు చేస్తే పశువుల దవాఖానకు కబురు పంపడం తాత పని. ఈ ఉద్యోగానికి పెద్ద చదువు అక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. అది తాత దగ్గర ఊరందరికీ పంచినా ఇంకా మిగిలేంత ఉండేది.

పశువు గలవాడు పరుగెత్తుకుంటూ వస్తే, తప్పు చేశాడు కాబట్టే ఆ పరుగు అనేవాడు. నింపాదిగా వస్తే, ఏదో మతలబు ఉంది అనేవాడు. ఎవరైనా దండం పెడితే, ఈ రోజే ఎందుకు పెట్టాడా అని సాయంత్రం దాకా ఆలోచించేవాడు. దొడ్డి గేటుకు తాళం వేసి, ఆ తాళం మీద సన్నటి తాడుతో తనకొక్కడికే తెలిసిన ముడి ఒకటి వేసేవాడు. పొద్దున రాగానే ముందు ముడిని చూసేవాడు, తర్వాతే పశువుల్ని. ఆ ముడి ఎలా వేస్తారో నేర్పమని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగానో. "నీకెందుకు?" అనేవాడు. సొంత మనవరాలినని కూడా చూడలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. వాకిట్లో చెప్పులు విడిస్తే ఎవడో ఒకడు తొడుక్కుపోతాడని భయం. లోపలికి తెస్తే నానమ్మ ఊరుకోదు. అందుకని కొట్టంలో, బర్రె మేత తినే గాడికి సరిగ్గా పైన, గోడకున్న చిలక్కొయ్యకు తగిలించేవాడు. ఆ బర్రె పేరు చుక్కమ్మ. నుదుట తెల్లచుక్క ఉండేది. కొత్త మనిషి దగ్గరికొస్తే కొమ్ములు విసిరేది. చెప్పులకు ఇంతకు మించిన కాపలా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ లేదని తాత నమ్మకం.

"దొంగ నీ చెప్పులు జూస్తే జాలిపడి ఇంకో జత పెట్టి పోతడు," అనేది మా నానమ్మ పోచమ్మ.

నేను చెప్పేది డెబ్బై ఆరో సంవత్సరం నాటి సంగతి. నేను ఇంకా పుట్టలేదు. తాత కొంత చెప్పాడు, నానమ్మ కొంత చెప్పింది. ఇద్దరి మాట ఒక్కటైన చోట సందేహం లేదు. వేరైన చోట నానమ్మ మాటే రాశాను.

ఆ రోజుల్లో గచ్చిబౌలి వైపు పెద్ద యూనివర్సిటీ కోసం భూములు తీసుకుని కంచె వేస్తున్నారు. నిన్నటిదాకా బీడుగా ఉన్న నేల ఈ రోజు కంచె లోపల పడిందని మనుషులకు చెప్పారు గాని పశువులకు ఎవరూ చెప్పలేదు. మృగశిర వాన పడిన మర్నాడు కామేశ్వరరావు అనే ఉద్యోగి రెండు ఎడ్లను తానే తోలుకుంటూ దొడ్డికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, కంచె లోపల మొక్కలు నాటించే పని చూసేవాడు. ఎడ్లు మా ఎదురింటి పెంటయ్యవి.

"ఏమండీ, దొడ్డి చూసుకునేది మీరేనా? రసీదు రాయండి. రెండు వరసల వేపమొక్కలు నమిలేశాయండి ఇవి."

"వేపాకు మేక తింటది సారు. ఎద్దు తినదు," అన్నాడు తాత.

"తిన్నాయండీ, నేను కళ్లారా చూశాను."

"నువ్వు జూసినవ్. ఇంకెవలు జూసిండ్రు?"

కామేశ్వరరావు బిత్తరపోయాడు. తాత ఎడ్ల దవడలు పట్టుకుని నోరు తెరిచి, లోపల ముక్కు పెట్టినంత పని చేసి వాసన చూశాడు. వేపాకు వాసన గుప్పుమంది. ఇక తప్పక రిజిస్టరు తీశాడు. అయినా రసీదు ఇస్తూ ఆయన చేతులు కూడా ఒకసారి పరీక్షగా చూశాడట, ఈయనే ఆకు నలిపి ఎడ్ల నోట్లో కుక్కాడేమోనని.

మర్నాడు పొద్దున దొడ్డి గేటుకు బయట ఒక ఎర్రావు కట్టేసి ఉంది. ఎవరిదో తెలియదు. ముందుకాలు ఒకటి నేల మీద ఆనించలేక ఎత్తిపెట్టి నిలబడింది. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. తాత ముందు ముడి చూసుకున్నాడు. ముడి వేసింది వేసినట్టే ఉంది. జబ్బు పశువును దారి మీద వదిలేయకూడదు కనుక ఆవును లోపలికి తెచ్చి, ఎడ్లకు దూరంగా ఒక మూల కట్టి, పశువుల దవాఖానకు మనిషిని పంపాడు.

డాక్టర్ సీతారామయ్య సైకిలు మీద వచ్చాడు. ఆయనా కోస్తా వాడే, నెమ్మదస్తుడు. ఆవు నోరు తెరిచి నాలుక మీద పుండ్లు చూశాడు. గిట్టల సందులు చూశాడు.

"గాలికుంటండి. దీనికి తగ్గి, ఇంకో దానికి రాలేదని నేను చూసి చెప్పేదాకా ఈ దొడ్డిలోంచి ఏ పశువూ బయటికి పోకూడదు. ఇరవై ఒక్క రోజులు. ఇది నా మాట కాదు, రూలు. తెలిసీ వదిలారనుకోండి, దాని వల్ల ఎన్ని పశువులు మంచాన పడితే అన్నింటికీ మీదే బాధ్యత."

"ఎట్ల అంటుకుంటది డాక్టర్ సాబ్?"

"గాలికి అంటుకుంటుందండి. చొంగ, పేడ తగిలినా అంటుకుంటుంది. వాటిని తొక్కిన కాళ్లు, ముట్టిన తాళ్లు, బకెట్లు, అన్నీను. అన్నిటికన్నా మనిషి కాళ్లతోనే భయం. ఇంటింటికీ తిరుగుతాయి కదండీ."

"మా ఇంట్ల సూడి బర్రె ఉంది," అన్నాడు తాత మెల్లగా. "నెల రోజులల్ల ఈనుతది."

"అయితే మరీ జాగ్రత్తండి. చూలు మీదున్న దానికి వస్తే దూడ నిలవకపోవచ్చు. పోయిన ఏడు నేను సూదులు వేయడానికి వచ్చినప్పుడు వేయించారా?"

పోయిన ఏడు సూదిమందు సీసాను ఎండకు ఎత్తి చూసి, లోపల ఏదో కదులుతోందని చుక్కమ్మను కొట్టంలో దాచిపెట్టిన మనిషి తాత. పెంటయ్య మాత్రం తన ఎడ్లకూ బర్రెకూ నవ్వుకుంటూ వేయించుకున్నాడు.

డాక్టర్ వెళ్లగానే పెంటయ్య జుర్మానా పట్టుకుని వచ్చాడు.

"లింగన్నా, పైసలు తెచ్చిన. ఎడ్లనియ్యి."

"ఇయ్య."

"ఏంది ఇయ్యవ్? వాన పడ్డది. ఊరంత దున్నుతున్నది."

"ఎర్రావుకు గాలికుంటు. ఇరవై ఒక్క రోజులు ఏదీ పోదు."

"ఆవు ఎవలది?"

"అది నువ్వే చెప్పాలె."

పెంటయ్య నోరు తెరిచాడు. "నేనా?"

"నీ ఎడ్లు లోపలికొచ్చినయ్. తెల్లారెవరకు ఆవు వచ్చింది. ఇరవై రోజులు నీ ఎడ్లు పంచాయతీ గడ్డి తినాలె, గంతే గద?"

"దున్నే కాలంల గడ్డికి ఆశపడి చేను పడావు పెట్టుకుంటనా? నీ బుర్రల మెదడుందా, పెంట ఉందా?"

"ఏదున్నా తాళం నా దగ్గరుంది," అన్నాడు తాత.

ఆ మూడు వారాలు తాత జీవితంలో బంగారం లాంటి రోజులని నానమ్మ అంటుంది. అంతకుముందు ఊరివాళ్లను అనుమానిస్తే మొండివాడు అనేవారు. ఇప్పుడు సాక్షాత్తూ రూలే అనుమానించమంది. గేటు దగ్గర గుంత తవ్వి సున్నపు నీళ్లు పోయించాడు. లోపలికి వచ్చే కాలైనా, బయటికి పోయే కాలైనా అందులో ముంచాల్సిందే. రసీదులో తప్పు దిద్దించుకోవడానికి కామేశ్వరరావు వస్తే ఆయన్నీ వదల్లేదు.

"బూట్లు కూడానా అండీ? తోలు పాడైపోతుందండీ!"

"బూట్లే ముందు ముంచాలె సారు. యాడ యాడ తిరిగొచ్చినయో."

పాపం ఆయన బూట్లతోనే దిగాడు. వెళ్లేటప్పుడు ఆ బూట్లు అడుగడుగుకూ తెల్లటి ముద్రలు వేశాయి. దారి వెంట ఆ ముద్రలు చూసి ఊరు వారం రోజులు నవ్వుకుంది.

తాత మాటకొస్తే, ఆ ఏడే గచ్చిబౌలిలో కొత్త చెప్పులు కుట్టించుకున్నాడు. ఇంకా కిర్రుమని చప్పుడు చేస్తున్నాయి. సున్నం తగిలితే తోలు పెళుసెక్కుతుంది. గేటు బయట విడిచి లోపలికి పోదామంటే గోడ అవతల పెంటయ్య తిరుగుతున్నాడు. అందుకని చెప్పులతోనే లోపలికి పోయి, ఎర్రావుకు నీళ్లు పెట్టి, నోరు పటికనీళ్లతో కడిగి, బయటికి వచ్చేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, కాళ్లు రెండూ చీలమండల దాకా సున్నపు నీళ్లలో శ్రద్ధగా ముంచేవాడు. తర్వాత మళ్లీ చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చి, వాటిని చిలక్కొయ్యకు తగిలించి, కాళ్లు ఇంకోసారి కడుక్కుని నానమ్మను విచారించేవాడు.

"ఎవలన్నా వచ్చిండ్రా?"

"వీరలక్ష్మి వచ్చింది, పాలల్లకు తోడు కోసం." వీరలక్ష్మి పెంటయ్య భార్య.

"యాడిదాక వచ్చింది?"

"గడప దాక."

"గడపకు ఇటా, అటా?"

"గడప మీద నిలవడ్డది, ఒంటి కాలు మీద! నీకు ఏం చెప్తే తిండి సైస్తది?"

వాకిట్లోకి రావద్దని తాత తరిమేసరికి మర్నాటి నుంచి వీరలక్ష్మి రావడం మానేసింది. ఆమె ఒక్కతే కాదు, ఆడవాళ్లెవరూ రాలేదు. నానమ్మకు బోసిపోయిన వాకిలి, నోరు మూసుకున్న సాయంత్రాలు మిగిలాయి. అయినా ఆమె ఓర్చుకుంది. చుక్కమ్మ మొదటి ఈతలో దూడ పోయింది. ఈ దూడ అయినా దక్కాలని నానమ్మ గాడి దగ్గరే కూర్చుని బర్రె పొట్ట మీద చెయ్యి వేసి కదలికలు చూసుకునేది.

పెంటయ్య రోజూ తన ఎడ్లకు జొన్న అంబలి తెచ్చేవాడు. గోడ మీదుగా కుండ అందుకుని తాత వెంటనే ఎడ్లకు పెట్టేవాడు కాదు. ముందు తానొక గుక్క తాగి, కాసేపు ఆగి, తనకేమీ కాలేదని తేలాకే పెట్టేవాడు.

"ఎట్లుంది లింగన్నా?" అని గోడ అవతలి నుంచి పెంటయ్య.

"ఉప్పు తక్కువ."

"రేపు ఏస్త. మామిడికాయ తొక్కు గూడ తేవాల్నా?"

ఎర్రావు వారానికి కోలుకుంది. ఎడ్లకు ఏమీ కాలేదు. ఇరవయ్యో రోజు పొద్దున నానమ్మ కుడితి పెడితే చుక్కమ్మ మూతి పెట్టి తీసేసింది. పెదవులు చప్పరిస్తోంది. నోటి చివర సన్నటి తీగ ఒకటి వేలాడింది. నానమ్మ ఏడవలేదు. తాతను భుజం పట్టి తెచ్చి చూపించింది.

తాత దాని నోరు తెరిచి చూశాడు. తర్వాత మొదట అన్నమాట, "వీరలక్ష్మి గడపకు ఇటే నిలవడ్డది గద?"

"ఆమె వచ్చి పదిహేను రోజులాయె!"

"అయితే పెంటయ్య అంబలి."

"అది తాగింది నువ్వు. బర్రె గాదు."

తాత దగ్గర ఇంకా పేర్లున్నాయి గాని నానమ్మ వినలేదు. ఆమె మనసు వేరేచోట ఉంది. "ఇను. రేపు నీ దొడ్డి తెరుస్తరు. అందరు నవ్వుతరు, కాపలాదారు ఇంట్లకే వచ్చిందని. ఎవలకు చెప్పొద్దు. పటికనీళ్లు మనమే పోద్దాం. మామూలుగ తొట్టి కాడికి తోలకపోత, అనుమానం రాదు."

ఆ తొట్టి ఊరి పశువులన్నీ నీళ్లు తాగే రాతితొట్టి. తాత అటూ కాదు, ఇటూ కాదు అన్నట్టు తల ఊపాడు. ఆ సాయంత్రం మాత్రం బర్రెను తోలనివ్వలేదు. తానే బావి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చాడు.

ఇరవై ఒకటో రోజు దొడ్డి గేటు దగ్గర డాక్టర్ సీతారామయ్య ఎడ్ల నోళ్లు, గిట్టలు చూసి బాగున్నాయని రిజిస్టరులో సంతకం పెట్టాడు. పంచాయతీ వాళ్లు ఎర్రావును తోలుకుపోవడానికి వచ్చారు. పెంటయ్య పలుపుతాళ్లు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. తాత తాళం తీశాడు. ఎడ్లు బయటికొచ్చాయి. తాళం, తాళంచెవి చేతిలో పట్టుకుని తాత అలాగే నిలబడ్డాడు.

"ఏంది లింగన్నా, గట్ల నిలవడ్డవ్? ఇంకేమన్న రూలు గుర్తొచ్చిందా?" అన్నాడు పెంటయ్య.

తాత ఆయన వైపు చూడలేదు. "డాక్టర్ సాబ్, జర మా ఇంటికి రావాలె," అన్నాడు. అంటే ఏమిటో గేటు దగ్గరున్న అందరికీ అర్థమైంది.

డాక్టర్ కొట్టంలోకి వచ్చి చుక్కమ్మ నోరు చూశాడు. తర్వాత ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అని ఏమీ అడగలేదు. గాడిలో ఉన్న చొప్పను చేత్తో కదిపాడు. చొప్ప మధ్యన ఎండిన మట్టిపెళ్లలు ఉన్నాయి, పేడ కలిసినవి. ఆయన మెల్లగా తలెత్తి పైకి చూశాడు.

"లింగమూర్తిగారూ, ఆ చెప్పులు ఎవరివండీ?"

"నావే. వాకిట్ల ఇడిస్తే ఎవలన్న ఎత్తుకపోతరని..." అని తాత సగంలో ఆగిపోయాడు.

నానమ్మ మట్టిపెళ్లల వైపు చూసింది, చెప్పుల వైపు చూసింది, తాత వైపు చూసింది. జీవితంలో ఆ ఒక్క రోజు ఆమె తాతను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని తాత నాతో చెప్పాడు.

డాక్టర్ మందు రాసిచ్చాడు. బర్రె ఈనితే దూడను తల్లిపాలు తాగనివ్వవద్దని, ఆ పాలలో జబ్బు ఉంటుందని, సూది వేసిన వేరే బర్రె పాలు పట్టమని చెప్పాడు. ఆయన బయటికి రాగానే తాత వాకిలి తడిక దగ్గరికొచ్చాడు. ఎదురుగా తన ఇంటి ముందు పెంటయ్య ఎడ్లను కడుగుతున్నాడు.

"పెంటయ్యా! గీ తాళం పట్టు. మా తడికకు బయటి నుంచి ఎయ్యి."

తాత విసిరిన తాళం తాళంచెవితో సహా పెంటయ్య కాళ్ల దగ్గర పడింది. పెంటయ్య దాన్ని ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూశాడు.

"ఏం మతలబు? రేపొద్దున పెంటయ్య నన్ను ఇంట్ల బెట్టి తాళమేసిండని పంచాయతీకి పోతవా?"

"మా బర్రెకు గాలికుంటు."

"ఎవలు తెచ్చిండ్రు?"

వీధిలో మనుషులు నిలబడిపోయారు. కామేశ్వరరావు కూడా ఎక్కణ్నుంచో వచ్చి ఉన్నాడు, అదే తెల్లబడ్డ బూట్లతో.

"నేనే తెచ్చిన. చెప్పులతోని."

పెంటయ్య నవ్వుతాడని తాత కాచుకున్నాడు. పెంటయ్య నవ్వలేదు. దొడ్డి గుంతలోంచి సున్నపు నీళ్లు తెప్పించి, తాళం అందులో ముంచి తీసి, తడికకు వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తాత మాత్రం లోపలి నుంచి చెయ్యి పెట్టి ఆ తాళం మీద తన ముడి వేశాడు.

"గదెందుకు?"

"నువ్వు మధ్యల తీస్తే నాకు తెల్వాలె."

రిజిస్టరు కూడా తెప్పించాడు. తడిక సందులోంచి చెప్తుంటే కామేశ్వరరావు రాశాడు. పశువు: బర్రె. యజమాని: లింగమూర్తి. పట్టి ఇచ్చినవారు: లింగమూర్తి. నేరం అన్న గడి దగ్గర కామేశ్వరరావు కలం ఆపి, "ఏం రాయమంటారండీ?" అని అడిగితే, "బూట్లు అని రాయి సారు, చెప్పులు అంటే సిగ్గయితది," అన్నాడట తాత. ఆయన చెప్పులనే రాశాడు.

ఐదో రోజు మధ్యాహ్నం చుక్కమ్మ ఈనింది. నెలలు నిండలేదు. పెయ్యదూడ, కుందేలంత ఉంది, నిలబడలేకపోయింది. నానమ్మ దాన్ని తల్లి దగ్గరికి పోనివ్వకుండా ఒడిలో పెట్టుకుని గోనెపట్టతో రుద్దుతూ కూర్చుంది. పాలకు ఎవరిని అడగాలి? వాకిట్లోకి రావద్దని తాత తరిమినవాళ్లనే అడగాలి. నానమ్మ అడగకముందే వీరలక్ష్మి గోడ అవతల చెంబుతో నిలబడింది. వాళ్ల బర్రె అంతకు వారం ముందే ఈనింది. తన చెంబు మా గిన్నెకు తగలకుండా, ఎత్తు నుంచి ధారగా పోసింది.

"దగ్గరికి వస్తలేను పోచక్కా. గడపకు అటే ఉన్న," అంది.

తాత గిన్నె అందుకున్నాడు. అలవాటు కదా, దూడకు పట్టే ముందు తానొక గుక్క తాగాడు.

"నీళ్లు కలిపిండ్రు," అన్నాడు.

గోడ అవతలి నుంచి పెంటయ్య గొంతు వినపడింది. "అరే, మీ ఆయనకు రోగం నోటికి రాలేదా వదినా? ఇంక మంచిగనే మాట్లాడుతుండు!"

నానమ్మ ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వింది. గుడ్డను పాలలో ముంచి దూడ నోట్లో పెట్టింది. మొదటి రోజు చప్పరించలేదు. రెండో రోజు కొంచెం చప్పరించింది. మూడో రోజు గుడ్డతో పాటు నానమ్మ వేలు కూడా లాక్కుంది. తాళం తీసేదాకా వీరలక్ష్మి రెండు పూటలా పోసింది, తాత రెండు పూటలా రుచి చూశాడు, ఒక్కరోజు కూడా బాగున్నాయనలేదు. ఆ పెయ్యదూడ మనవరాలి పాలే నేను తాగి పెరిగాను. మా ఇంట్లో అందరికీ నోటి దురుసు ఉండడానికి అదే కారణమని నా అనుమానం. అనుమానం మా వంశంలో ఉన్నదే కదా.

ఎర్రావు ఎవరిదో చివరికీ తేలలేదు. తాత మాత్రం తనకు తెలుసనేవాడు. అడిగిన ప్రతిసారీ వేరే పేరు చెప్పేవాడు. పెంటయ్య పేరు మాత్రం మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

డాక్టర్ సీతారామయ్య వచ్చి చుక్కమ్మ నోరు చూసి సరేనన్న రోజున పెంటయ్య తాళంచెవితో తడిక దగ్గరికి వచ్చాడు. తాత లోపలి నుంచి ముందు ముడి చూసుకున్నాడు. వేసింది వేసినట్టే ఉంది. దాన్ని తానే విప్పాడు. పెంటయ్య తాళం తీసి లోపలికి అడుగు పెట్టబోతే తాత సున్నపు నీళ్ల బకెట్టు అడ్డం పెట్టాడు.

"కాళ్లు ముంచి రా."

"ముందు నువ్వు ముంచు," అన్నాడు పెంటయ్య. "చెప్పులు తొడుక్కొని."

తాత కొట్టంలోకి పోయి చిలక్కొయ్య మీది చెప్పులు దించి తెచ్చాడు. నలభై రోజుల కిందటి కిర్రు ఇంకా పోలేదు. వాకిట్లో నిలబడి తొడుక్కుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, చెప్పులు మునిగేదాకా బకెట్లో పెట్టాడు.